ఏడో నంబరు జడ్జి

గుర్రాల శాల వెనక ఇల్లు,
మార్చి 6

ఉడతకి,

నాలుగు రోజులుగా పొగమంచు. తొమ్మిదైతే గానీ కంచె అవతల ఉన్న గుర్రాలు కనబడటం లేదు. ఇవాళ నాడాలు కొట్టే ఆయన వచ్చాడు. ఆరు గుర్రాలకి కొత్త నాడాలు వేశాడు. బూడిదరంగు ఆడగుర్రానికి చీలిన ముందు గిట్టలు చెక్కాడు. వాన పడేలా ఉందని గడ్డిమోపులన్నీ రేకుల కిందికి చేర్చాం. మధ్యాహ్నానికి నా నడుం పట్టేసింది. మీ అత్తయ్య చూసి, "అరవై మూడేళ్ళొచ్చాయి, గడ్డిమోపులతో కుస్తీ ఎందుకండీ మీకు? కుర్చీలో కూర్చుని మార్కులు వేసే మనిషి. కుర్చీలోనే కూర్చోండి" అంది.

నీ ఉత్తరం నిన్న అందింది. డ్రెస్సాజ్ జడ్జీల పని బాగుచెయ్యడానికి గుర్రపుస్వారీ సమాఖ్యవాళ్ళు సంఘం వేశారనీ, లెక్కల పనంతా నీకు అప్పజెప్పారనీ మీ అత్తయ్య రెండుసార్లు పైకి చదివింది. రెండోసారి నాడాలాయన కోసం. ఆయన దృష్టిలో డ్రెస్సాజ్ అంటే గుర్రం డాన్సు. "డాన్సుకి మార్కులేసే వాళ్ళకి మళ్ళీ మార్కులా?" అన్నాడు. "అంతే, ఆ మార్కులు వేసేది మా మేనకోడలు" అన్నాను.

ఈ పని ఎప్పుడో మొదలుపెట్టాల్సింది. బరి చుట్టూ ఐదు కేబిన్లలో ఐదుగురం కూర్చుంటాం. ఒకే గుర్రం, ఒకే అడుగు. ఒకరు పదికి ఎనిమిది వేస్తారు, ఒకరు ఐదున్నర. అదేమంటే, నేను కూర్చున్న చోటి నుంచి అలా కనబడింది అంటారు. కొంత నిజమే. ఎదురుగా కూర్చున్న వాడికి గుర్రం వంకర తెలుస్తుంది, పక్కన కూర్చున్న వాడికి అడుగు పొడవు తెలుస్తుంది. కానీ ఆ మాట చాటున దాక్కునేవాళ్ళు ఎక్కువయ్యారు. అన్నిటికన్నా చెడ్డది ఆరున్నర. ఏం వెయ్యాలో పాలుపోనప్పుడు ఆరున్నర వేసేస్తే ఎవరూ తప్పుపట్టరు. ముందు ఆ ఆరున్నర జడ్జీలని పట్టుకో.

అక్టోబరు జాతీయ పోటీల కాగితం ఇక్కడికీ వచ్చింది. ఐదుగురు జడ్జీల్లో నా పేరు మూడోది. కింద, ఎవరైనా రాలేకపోతే కూర్చోవాల్సిన మనిషిగా నీ పేరు. నువ్వు ఆరేళ్ళప్పుడు శాల దూలాల మీద పాకుతుంటే కింద నిలబడి కర్ర చూపించి దిగమనేవాణ్ణి. ఉడత పేరు నా పేరున్న కాగితంలోకి ఎక్కింది. మీ అత్తయ్య ఆ కాగితాన్ని మందుల అలమర తలుపుకి అంటించింది. నీకు కుర్చీ కావాలంటే మాలో ఒకరు మంచాన పడాలి. ఎవరి టీలోనూ ఏమీ కలపకు.

మామయ్య


సమాఖ్య ఆఫీసు, మూడో అంతస్తు,
ఏప్రిల్ 3

మామయ్యకి,

లిఫ్టు చెడిపోయి మూడు వారాలైంది. రోజూ నాలుగుసార్లు ఎక్కిదిగుతున్నాను. గుర్రం మీంచి పడ్డప్పుడు విరిగిన మోకాలు వాన రోజుల్లో మాత్రం గుర్తు చేస్తుంది. నాకిచ్చిన గదిలో రెండు బల్లలు, ఒక కిటికీ, పదకొండు అట్టపెట్టెలు ఉన్నాయి. పెట్టెల నిండా రెండేళ్ళ మార్కుల కాగితాలు. అవి తడిసిన సున్నం వాసన వేస్తాయి.

పని ఇలా చేస్తున్నాను. ప్రతి గుర్రం చేసిన ప్రతి విన్యాసానికీ ఒక్కో జడ్జి వేసిన మార్కుని మిగతా నలుగురి మార్కుల పక్కన పెడుతున్నాను. పేర్లు చూస్తే మనసు అటో ఇటో లాగుతుందని సంఘం అధ్యక్షురాలు పేర్లు తీసేసి నంబర్లు ఇమ్మన్నారు. ఒకటి నుంచి పదకొండు. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం నా సొరుగులో ఒక్కచోటే ఉంది. తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతున్నాను. సంఘంలో జడ్జీల తరఫున ఉన్నది నువ్వు గోడగడియారం అని పేరు పెట్టావే, ఆయన. నేను ఏం చెప్పినా తల ఇటూ అటూ ఊపుతారు. అవునో కాదో ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

ఈ సంఘం పుట్టడానికి కారణం ఒక ఉత్తరం, తెలుసా? రాసింది బేకరీ నడిపేవాళ్ళ అమ్మాయి. పొద్దున నాలుగింటికి లేచి రొట్టెలు కాల్చి, ఏడింటికి గుర్రమెక్కుతుందట. ఒక పోటీలో గుర్రం నడకకి నలుగురు జడ్జీలు ఏడున్నర, ఎనిమిది వేస్తే ఒకరు ఆరు వేశారు. నడకకి మార్కులు రెట్టింపు లెక్క కదా, దాంతో జాతీయ పోటీలకి వెళ్ళే అవకాశం వెంట్రుకవాసిలో పోయింది. దాని గురించి ఏడవలేదు. "నా గుర్రం నడకలో ఏం లోపం ఉందో ఆ జడ్జిగారు చెబితే దిద్దుకుంటాను" అని రాసింది. సమాఖ్యలో ఎవరికీ జవాబు తెలియలేదు.

నిన్ను ఒకటి అడగాలి. ఏడో నంబరు జడ్జి ఉన్నారు. పాత గట్టినేల బరుల్లో నడకకి ఈయన వేసినట్టు మార్కులు ఇంకెవరూ వెయ్యలేరు. చెడ్డదానికి నాలుగు, మంచిదానికి తొమ్మిది, జంకూ గొంకూ లేదు. అదే మనిషి, ఈ రెండేళ్ళలో కట్టిన కొత్త మెత్తని ఇసుక బరుల్లో నలభై మూడు గుర్రాల నడకకి మార్కులు వేశారు. నలభై మూడింటికీ ఆరు, లేకపోతే ఆరున్నర. ట్రాట్, కాంటర్ పరుగుల్లో తేడా ఏమీ లేదు. నడక ఒక్కటే. ఎందుకై ఉంటుంది? నువ్వు నడకని ఎలా చూస్తావో కొంచెం వివరంగా రాస్తావా?

అత్తయ్య పంపిన మేజోళ్ళు సరిపోయాయి.

ఉడత


గుర్రాల శాల వెనక ఇల్లు,
ఏప్రిల్ 14

ఉడతకి,

పొద్దున్నుంచీ ఎండ కాసింది. పరుపు గడ్డి మార్చి, జీనులకి నూనె రాసి ఇప్పుడే కూర్చున్నాను.

నడకని ఎలా చూస్తావని అడిగావు. చూడను. వింటాను.

అశ్వదళంలో నాకు స్వారీ నేర్పిన మాస్టారు మమ్మల్ని కంచె మీద వరసగా కూర్చోబెట్టి, కళ్ళకి తువ్వాళ్ళు కట్టేవాడు. ఎదురుగా గుర్రాల్ని నడిపించేవాడు. ఏ కాలు ఎప్పుడు పడిందో చెప్పాలి. తప్పు చెబితే ఆ రోజు శాల మొత్తం ఊడవాలి. మొదటి నెలంతా నేనే ఊడ్చాను. ట్రాట్‌కి రెండు దెబ్బలు, కాంటర్‌కి మూడు. అవి కంటికీ తెలుస్తాయి. నడకకి నాలుగు. నాలుగూ సమంగా పడాలి. గుర్రం వీపు బిగబట్టిందంటే నాలుగు దెబ్బలూ రెండు రెండుగా జంటలు కట్టడం మొదలుపెడతాయి. అది కంటికి కనబడేలోపే చెవికి తెలిసిపోతుంది. అందుకే గుర్రం నడకలోకి రాగానే నేను తల దించుకుని కాగితం వైపు చూస్తూ వింటాను. నా పక్కన రాయసం చేసే మనిషి, అంటే నేను చెప్పే మార్కు రాసే మనిషి, పేజీ తిప్పినా ఊరుకోను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. ఈ దేశంలో నడకకి నా మార్కు తప్పని అన్నవాడు లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు. కాస్త గొప్ప కోసమే చెబుతున్నాను, మేనకోడలివి కాబట్టి.

ఇక నీ ఏడో నంబరు. విషయం తేటతెల్లంగా ఉంది కదా! గట్టినేల మీద పులి, మెత్తనేల మీద పిల్లి. కొత్త బరుల దగ్గర కెమెరాలుంటాయి, పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటారు. అక్కడ నాలుగు వెయ్యడానికి గుండె చాలక ఆరున్నరలో దూరుతున్నాడు. ఆ బేకరీ పిల్ల నోటి దగ్గర ముద్ద తీసేసింది ఇలాంటివాడే. అక్టోబరులో ఆ మనిషిని నా పక్క కేబిన్‌లో కూర్చోబెట్టకండి. ఎవరో చెప్పకు, రహస్యం రహస్యమే. అయినా నాకు అర్థమైందిలే. తల ఊపే ఆయనేగా?

మీ అత్తయ్య ఇది చదివి, "ఎదటివాళ్ళ మీద అంత తొందరెందుకు?" అంది. జడ్జికి తొందర ఉండాలి. గుర్రం ఆగదు కదా.

మామయ్య


సమాఖ్య ఆఫీసు, మూడో అంతస్తు,
మే 9

మామయ్యకి,

లిఫ్టు బాగుచేశారు. రెండు రోజులు నడిచి మళ్ళీ ఆగింది. లోపల గోడగడియారం గారు నలభై నిమిషాలు ఇరుక్కున్నారు. బయటికొచ్చాక కూడా తల ఊపుతూనే ఉన్నారు.

ఏడో నంబరు ఆయన కాదు.

నివేదిక జూన్ ఇరవైన ఇవ్వాలి. పది నంబర్ల గురించి రాయడం అయిపోయింది. నాలుగో నంబరు పేరున్న గుర్రాలకి అర మార్కు ఎక్కువ వేస్తున్నారు. తొమ్మిదో నంబరు భోజనం తర్వాత కఠినంగా ఉంటారు. ఇవన్నీ సర్దుకోగలిగినవే. ఏడో నంబరు గురించి ఇంకా ఏమీ రాయలేదు.

తువ్వాళ్ళ సంగతి ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు. ఆ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాను. కొత్త బరుల్లో నేల నీకెలా ఉంది మామయ్యా? ఇసుకలో గుడ్డపీచు కలుపుతారు కదా, గుర్రాల కాళ్ళకి మంచిదని. ఊరికే అడుగుతున్నాను. ఏమీ అనుకోకు.

బూడిదరంగు ఆడగుర్రం గిట్టలు నయమయ్యాయా?

ఉడత


గుర్రాల శాల వెనక ఇల్లు,
జూన్ 2

ఉడతకి,

గాలి విపరీతంగా ఉంది. రేకులు రెండు లేచిపోతే తాళ్ళతో కట్టాం. గిట్టలు నయమయ్యాయి.

నీ ఉత్తరం వచ్చిన రోజు మామూలుగానే చదివాను. మర్నాడు దాణా వేస్తుంటే, ఉడత నేల గురించి ఎందుకు అడిగింది అనిపించింది. ఊరికే అడిగే పిల్లవి కాదు నువ్వు. చేట అక్కడే పెట్టి కూర్చుండిపోయాను. మీ అత్తయ్య ఒంట్లో బాగోలేదేమో అనుకుని డాక్టరుకి ఫోన్ చెయ్యబోయింది.

గురువారం రెండు బస్సులు మారి కొత్త బరికి వెళ్ళాను. పోటీ ఏమీ లేదు. మామూలుగా స్వారీ నేర్చుకునేవాళ్ళు వస్తారే, వాళ్ళు. ఒక్క గుర్రమూ నాకు గుర్తున్నది కాదు. బెంచీ మీద కూర్చుని, కవరు వెనక మార్కులు వేస్తూ పోయాను. పదకొండు గుర్రాల నడక చూశాను. పూర్తయ్యాక కవరు చూసుకుంటే ఆరు, ఆరున్నర, ఆరు, ఆరు, ఆరున్నర. పదకొండూ అంతే. అక్కడ నన్ను ఎవరూ చూడటం లేదు. కెమెరాలు లేవు. కాబట్టి భయం కాదు.

ఆ బరిలో చప్పుడు లేదు, ఉడతా. గుర్రం దూది మీద నడిచినట్టు నడుస్తోంది. నేను తల దించుకుని వినబోతున్నాను, ఏమీ వినబడటం లేదు, తల ఎత్తేసరికి నడక అయిపోతోంది. రెండేళ్ళుగా ఇదే జరుగుతుంటే నాకెందుకు తట్టలేదో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంది. మామూలు గుర్రాలే వస్తున్నాయి ఈమధ్య అనుకున్నాను.

ఆఖరుగా ఎర్రగుర్రం మీద వచ్చిన ఆయన్ని బయట రాళ్ళు పరిచిన బాట మీదికి తీసుకెళ్ళి నడిపించమని అడిగాను. నాలుగు అడుగుల్లో తెలిసిపోయింది. రెండు, రెండు. చెడిపోయిన నడక. నాలుగుకి మించి ఇవ్వకూడదు. కవరు మీద దానికి ఆరున్నర వేసి ఉంది.

"పోటీల్లో దీని నడకకి ఎంత వస్తుంది?" అని అడిగాను.

"నాలుగు, నాలుగున్నర. దీని నడక బాగుండదండీ, నాకూ తెలుసు. ఒక్క జడ్జిగారు మాత్రం ఆరున్నర వేశారు. దేవుడులాంటి మనిషి."

"ఎవరాయన?"

"పేరు తెలీదండీ. తెల్లమీసాలు, బక్కగా ఉంటారు. ఇంచుమించు మీలాగే."

తిరుగు బస్సులో మీసాలు తడుముకుంటూ కూర్చున్నాను.

ఏడో నంబరు నేనే. ఆ బేకరీ పిల్లకి ఆరు వేసింది నేనే.

నా మీద నాకు వచ్చిన కోపం ఒకటైతే, నీ మీద వచ్చింది ఇంకొకటి. రెండు నెలలు దాచావు. నా దగ్గర పెరిగిన పిల్లవి, నేను తట్టుకోలేననుకున్నావా? నేను నీకు గుర్రం ఎక్కడం నేర్పినప్పుడు జీను వదులుగా ఉందని తెలిసి చెప్పకుండా ఊరుకున్నానా ఎప్పుడైనా? ఏప్రిల్లో పిల్లి, పులి అంటూ నేను వాగింది నీ సొరుగులో ఉంటుంది. చింపెయ్యకు. నివేదికలో ఏడో నంబరు గురించి ఉన్నది ఉన్నట్టు రాయి. బహుశా, కొంతవరకు, అనిపిస్తోంది, ఇలాంటి మాటలు ఒక్కటి కనబడినా ఊరుకోను. అధ్యక్షురాలికి నేను విడిగా రాస్తున్నాను.

మామయ్య


సమాఖ్య ఆఫీసు, మూడో అంతస్తు,
జూన్ 24

మామయ్యకి,

తిట్టావు, బాగుంది. నువ్వు తిట్టకపోతే అత్తయ్య చెయ్యబోయినట్టు నేనే డాక్టరుకి ఫోన్ చేసేదాన్ని.

నువ్వు తట్టుకోలేవని కాదు దాచింది. నువ్వు తప్పుకుంటే నీ కుర్చీలో కూర్చోవాల్సింది నేను. లెక్క తీసింది నేను, నంబర్లు ఇచ్చింది నేను, తాళంచెవి నా మెడలో. మేనకోడలు మామయ్య కింద కుర్చీ లాగేసిందని ఎవరైనా అంటే ఏం చెప్పను? ఎవరో అనడం దాకా ఎందుకు, రాసుకుంటుంటే నాకే అలా వినబడింది. ఒక వారమంతా నా లెక్క తప్పయితే బాగుండునని మళ్ళీ మళ్ళీ వేశాను. తప్పు కాలేదు.

ఇరవైన సమావేశం జరిగింది. పొడుగు బల్ల, ఏడుగురు, అందరి ముందూ నీళ్ళ గ్లాసులు. చదివాను. ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆగి ఒక గుక్క నీళ్ళు తాగాను. బహుశా అనలేదు. నలభై మూడు గుర్రాలు అన్నాను, ఆరు, ఆరున్నర అన్నాను. చదవడం అయ్యాక గోడగడియారం గారు, "నడకని విని మార్కులేసే మనిషి ఈ దేశంలో ఒక్కరే ఉన్నారు. నంబరెందుకమ్మా? ఆయన తప్పుకుంటే కుర్చీ ఎవరికొస్తుందో కూడా అందరికీ తెలుసు" అన్నారు. మొదటిసారి తల కదల్లేదు. గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు అధ్యక్షురాలు సంచీలోంచి నీ ఉత్తరం తీసి, "ఇది పది రోజుల కిందట నాకు అందింది. ఏడో నంబరు ఆయన రాసిందే" అని చదివారు. నీకు గుర్తుండే ఉంటుంది గానీ నేను మళ్ళీ రాస్తాను, ఎందుకంటే ఆ గదిలో అది ఎలా వినబడిందో నీకు తెలియదు. "నేను చెవితో నేర్చుకున్నాను. నేల మారింది, నేను మారలేదు. ఈ సంగతి నేను కనిపెట్టలేదు, మీ లెక్క కనిపెట్టింది. రెండేళ్ళలో నా నడక మార్కులన్నీ మళ్ళీ చూడండి. నాకు పరీక్ష పెట్టండి. నాకు పెట్టాక మిగతా పదిమందికీ పెట్టండి. లెక్క తీసిన అమ్మాయి నా మేనకోడలు. ఆ అమ్మాయి లెక్క తప్పని నిరూపించగల వాళ్ళు ఉంటే ముందుకు రండి. నేను ప్రయత్నించాను, నా వల్ల కాలేదు."

మామయ్యా, నేను బల్ల దగ్గర నిటారుగా కూర్చున్నాను. నువ్వు గుర్రం మీద కూర్చోమని అరిచేవాడివే, అలా.

నిర్ణయం ఇదీ. శబ్దం లేని ముప్పై వీడియోలు. ముగ్గురు పెద్దలు ముందే కూర్చుని ఒక మార్కు తేల్చి ఉంచుతారు. జడ్జీలూ, రాలేనివాళ్ళ బదులు కూర్చునే నేనూ విడివిడిగా వెయ్యాలి. వారం తర్వాత అవే వీడియోలు వరస మార్చి మళ్ళీ వెయ్యాలి, తమ మార్కుతో తాము ఏకీభవిస్తారో లేదో చూడటానికి. ముప్పైలో ఇరవై నాలుగు పెద్దల మార్కుతో సరిపోవాలి. సరిపోనివాళ్ళు ఈ ఏడాది జాతీయ పోటీల్లో కూర్చోరు. ప్రతి పోటీ తర్వాత ప్రతి జడ్జికీ తన లెక్క ఇంటికి వస్తుంది. "నాకూ పెడతారా?" అన్నారు గోడగడియారం గారు. "అందరికీ" అన్నారు అధ్యక్షురాలు.

అక్టోబరు జాబితాలోంచి నా పేరు తీసెయ్యమని ఒక కాగితం రాసి పెట్టుకున్నాను. ఇంకా ఇవ్వలేదు.

ఉడత


గుర్రాల శాల వెనక ఇల్లు,
ఆగస్టు 12

ఉడతకి,

వానలు తగ్గాయి. కంచె కొయ్యలు ఇరవై మార్చాం.

పరీక్ష సంగతి నీకు ఆఫీసులో తెలిసే ఉంటుంది, అయినా నా నోటితో చెబుతాను. మొదటిసారి పదిహేడు. వారంపాటు నాడాలాయన చేత గుర్రాల్ని గడ్డి మీద నడిపించి, చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళు పోయేలా చూశాను. రెండోసారి పంతొమ్మిది. ఇరవై నాలుగు కావాలి. నీ గోడగడియారానికి ఇరవై ఆరు వచ్చాయట. ఆ తల ఊపడంలో ఏదో కిటుకు ఉండాలి.

తప్పుకున్నానని నిన్న రాసి పంపాను. మీ అత్తయ్య మందుల అలమర తలుపు మీద కాగితం ముందు నిలబడి, నా పేరు కొట్టెయ్యాలా అని అడిగింది. కొట్టెయ్యమన్నాను. కొట్టేసి, కింద ఉన్న నీ పేరుకి బాణం గీసి మూడో స్థానంలోకి ఎక్కించింది. బాణం మరీ లావుగా గీసింది.

నీకు ముప్పైలో ఇరవై తొమ్మిది వచ్చాయని అధ్యక్షురాలు రాశారు. నువ్వు రాయలేదు. ఇలాంటివి దాస్తే కోపం రాదనుకున్నావా? ఆ పేరు తీసేసే కాగితం ఇంకా సొరుగులో ఉంటే పొయ్యిలో పెట్టు. నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెడుతున్నది నేనూ కాదు, నా చెవీ కాదు.

బేకరీ అమ్మాయికి జవాబు రాశాను. నాలుగు వాక్యాలు రాయడానికి మూడు రోజులు పట్టింది. "నీ గుర్రం నడకలో లోపం లేదు. వినబడని చోట నేను చూడలేదు. పోయిన ఏడాది ఫలితం మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు, కనుక్కున్నాను. నన్ను క్షమించమని అడగను గానీ నువ్వు అడిగిన ప్రశ్న వల్ల పదకొండు మంది జడ్జీలం పరీక్ష రాశాం, ఆ సంగతి నీకు తెలియాలి." ఆ అమ్మాయి ఈ ఏడాది సొంతంగా గెలిచి జాతీయ పోటీలకి వస్తోంది. జవాబుతో పాటు రొట్టె ఒకటి పంపింది. ఇంత గట్టిది, ఇంత మంచిది నేను తినలేదు.

ఇప్పుడు అసలు మాట. అక్టోబరులో నీ పక్కన రాయసం చెయ్యడానికి ఎవరినైనా పెట్టుకున్నావా? పెట్టుకోకపోతే నేను వస్తాను. నిబంధన చూశాను. రాసే మనిషికి చేతిరాత బాగుండాలి, నోరు మెదపకూడదు, అంతే ఉంది. కుర్చీ లాగేసిందని ఎవరైనా అనుకుంటే, ఆ కుర్చీ పక్కనే నన్ను చూడనీ.

మీ అత్తయ్యకి చెబితే నవ్వింది. "ముప్పై ఏళ్ళుగా నన్ను ఒక్క మాట పూర్తిచెయ్యనివ్వని మనిషి, రెండు రోజులు నోరు మూసుకుని కూర్చుంటారా? అది చూడ్డానికి నేనూ వస్తాను, టికెట్ తీయండి" అంది.

మామయ్య


సమాఖ్య ఆఫీసు, మూడో అంతస్తు,
ఆగస్టు 20

మామయ్యకి,

కాగితం చింపేశాను. ఇక్కడ పొయ్యి లేదు.

రా. కానీ నా కేబిన్‌లో నా మాటే చెల్లుతుంది, ముందే చెబుతున్నాను. నా ఎడమ పక్కన కూర్చోవాలి. రెండు పెన్నులు తెచ్చుకోవాలి. నేను మార్కు చెప్పాక గొంతు సవరించుకోకూడదు. ముఖ్యంగా మీసం దువ్వుకోకూడదు. అలా చేస్తే నువ్వు ఒప్పుకోవడం లేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

అత్తయ్యకి ముందువరసలో చోటు చూశాను.

ఉడత


గుర్రాల శాల వెనక ఇల్లు,
నవంబరు 11

ఉడతకి,

చలి మొదలైంది. గుర్రాలకి దుప్పట్లు కప్పుతున్నాం. ఇవాళ నీళ్ళ తొట్లు కడిగించాను.

ఆలస్యంగా రాస్తున్నాను. కేబిన్‌లో మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు, తర్వాత జనంలో కుదరలేదు, ఇంటికొచ్చాక రాద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

మొదటి గుర్రానికి నీ గొంతు చిన్నగా వచ్చింది. నేను వంగి వినాల్సొచ్చింది. మూడో గుర్రం దగ్గరికి గొంతు నిలబడింది. కిందటేడు గెలిచిన నల్లగుర్రం వచ్చినప్పుడు చప్పట్లతో ఆ ఆవరణ అదిరింది. అది నడకలోకి వచ్చింది. అలవాటుగా నా తల కిందికి వంగింది. ఏమీ వినబడలేదు. తల ఎత్తి నీ వైపు చూశాను. నువ్వు గుర్రం వెనకకాళ్ళ మీంచి కళ్ళు తియ్యలేదు. "ఐదు. జంట కడుతోంది" అన్నావు. నేనైతే ఆరున్నర వేసేవాణ్ణి, ఆ చప్పట్లలో ఇంకో అర కలిపేవాణ్ణేమో కూడా. ఐదు రాశాను. జంట కడుతోంది అని రాశాను. ఇరవై రెండేళ్ళలో నేను చెప్పిన మార్కుల్లో ఏదీ నాకు అంత తృప్తినివ్వలేదు. అయ్యాక బోర్డు మీద చూస్తే మిగతా నలుగురిలో ముగ్గురు ఐదే వేశారు. నాలుగోవారు ఏడు. వారి లెక్క వారింటికి వెళుతుందిలే.

బేకరీ అమ్మాయి వచ్చినప్పుడు నాకు చెమట పట్టింది. నడకకి తొమ్మిది అన్నావు. నా అక్షరం కొంచెం పెద్దగా పడింది, చూసే ఉంటావు. ఆ వెంటనే కాంటర్ పరుగులో కాలు మార్చేచోట గుర్రం ఒక అడుగు తప్పింది. "నాలుగు" అన్నావు, అదే గొంతుతో. ఒక్క క్షణం నా పెన్ను ఆగింది. పాపం అనిపించింది. నీకు అనిపించలేదని కాదు, నీ మెడ మీద నరం కనబడింది. నాలుగు రాశాను. ఆరో స్థానం వచ్చింది ఆ పిల్లకి. బయట ఎదురుపడితే, "నడక కాగితం దాచుకుంటానండీ, కాంటర్ కాగితం చూసి నేర్చుకుంటాను" అంది. ఆ కాగితం మీద చేతిరాత నాదని చెప్పాను.

గోడగడియారం సంగతి నీకు తెలియదు. రెండో రోజు సాయంత్రం నేను కేబిన్ మెట్లు దిగుతుంటే ఎదురొచ్చి, "మీ అమ్మాయి గురించి జూన్లో ఒక మాట అన్నాను" అన్నాడు.

"విన్నాను" అన్నాను.

"అనకుండా ఉండాల్సింది."

"ఆ మాట తనతో చెప్పండి. నేను రాసే మనిషిని, నాకు నోరు లేదు."

తల ఊపాడు. ఈసారి పైకీ కిందికీ. నీకు ఉత్తరం రాస్తానన్నాడు. రాశాడా?

మీ అత్తయ్య ఇంటికొచ్చాక ఊరంతా చెబుతోంది. "మా ఆయన రెండు రోజుల్లో ఒక్కసారి కూడా మీసం ముట్టుకోలేదు" అని. దానికే ఎక్కువ గొప్పపడుతోంది. నాకు వేరే గొప్ప ఉంది, అది ఊరంతా చెప్పలేను, నీకు రాస్తున్నాను. ఆ కేబిన్‌లో నా పక్కన కూర్చున్న జడ్జి నాకంటే బాగా చూస్తుంది. ఆ మాట అనడానికి నాకు నొప్పి వెయ్యలేదు.

నడక వినడం నేర్పమని సమాఖ్యవాళ్ళు అడిగారు కదా, జడ్జీల మొదటి జట్టు పోయిన సోమవారం ఇక్కడికి వచ్చింది. ఐదుగురు, అందులో గోడగడియారం ఒకడు. శాల ముందు గట్టినేల మీద నడక వినడం నేను నేర్పాను. గడ్డి మీద వెనకకాళ్ళు చూడటం ఆ ఐదుగురిలోనే ఉన్న గుర్రాల డాక్టరమ్మ ఒకావిడ నాకు నేర్పింది. నాలుగు రోజులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేశారు. గోడగడియారం గురువారం సాయంత్రం నాలుగింటి బస్సుకి వెళ్ళాడు. మిగతా నలుగురూ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళారు.

మామయ్య